మగ్గుడు సముద్రం

మొన్న ఫిబ్రవరి చివర్లో ఎగ్జామ్ డ్యూటీ మీద కమోర్టా దీవికి వెళ్తూ షిప్పు క్యాంటీన్లో భోజనానికి కూర్చున్నాను. వంటగది తలుపు తెరిచే ఉంది. లోపల పొయ్యి మీద పెద్ద డేక్చీ, దాని మూత జారకుండా రెండు చెవులకీ కలిపి గుడ్డపేలికతో కట్టి ఉంది. వంటతను ముడి విప్పి మూత తీస్తే పప్పు సగానికే కనిపించింది. నా ఎదురుగా కూర్చున్న సైన్సు మాస్టారు, "అంత పెద్ద గిన్నెలో ఇంతేనా, కంజూస్ లోగ్" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. షిప్పు ఒక పక్కకి ఒరిగినప్పుడు పప్పు పొర్లిపోకూడదంటే డేక్చీ సగమే నింపాలని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. చెప్పిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో ఆయన్ని పెద్దగా తలుచుకోలేదన్న సంగతి కూడా ఆ పప్పు చూశాకే తట్టింది.

ఆయన మా మేనత్త భర్త, నాకు మావయ్య. దీవుల మధ్యా, మెయిన్‌లాండ్‌కీ తిరిగే షిప్పుల్లో వంటవాడు. షిప్పుల్లో వంటవాణ్ణి భండారీ అంటారు. ఆస్టినాబాద్‌లో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో గోడ కూడా లేదు. అయినా ఆయనతో నాకున్న పరిచయమంతా పోగేస్తే ఏడాదికొక ఆదివారం మాత్రమే తేలుతుంది. నెలలో ఇరవై రెండు రోజులు ఆయన నీళ్ళ మీద ఉండేవాడు. మిగిలిన ఎనిమిది రోజులు ఇంట్లో చుట్టంలా మసిలేవాడు. తువ్వాలు ఎక్కడుందో అత్తని అడిగి తీసుకునేవాడు. తాగిన టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడేవాడు. ఆయన గదిలోకి వస్తే సొంత కూతురు కుర్చీలోంచి లేచి నిలబడేది. మా నాన్న వస్తే మాత్రం కాళ్ళు కూడా తియ్యకుండా అలాగే టీవీ చూస్తుండేది.

అత్త కూడా అంతే. మా అత్త నోరు మంచిది కాదని ఆస్టినాబాద్ అంతా ఒప్పుకుంటారు. చేపలమ్మే మనిషినీ, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాణ్ణీ, తన తమ్ముడైన మా నాన్ననీ ఒకే గొంతుతో కడిగేసేది. మావయ్యని మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. ఒకసారి నేనే అడిగాను. "ఎనిమిది రోజులుండే మనిషితో గొడవెందుకే గుంటా, ఎల్లిపోయీవోడే కదా" అంది. అందులో ప్రేమ ఎంత ఉందో, విసుగు ఎంత ఉందో నాకు అంతుపట్టలేదు.

ఆయన మావాడిగా ఉండేది వండూర్‌లోనే.

ఏటా పిల్లల పరీక్షలు అయిపోయాక, ఉగాదికి అటో ఇటో వచ్చే ఒక ఆదివారం, మా ఇల్లూ అత్త ఇల్లూ పిన్ని ఇల్లూ కలిసి మినీ బస్సు మాట్లాడుకుని వండూర్ బీచ్‌కి పోయేవాళ్ళం. ఇరవై మందికి పైనే. ఆ రోజుకి ఆయన షిప్పులో ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకునేవాడు. కూతురి పుట్టినరోజులకి రాని మనిషి, ఇంట్లో గృహప్రవేశానికి సగంలో వచ్చిన మనిషి, ఆ ఆదివారం మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు వంట ఆయనది. ఇంకెవరూ గరిటె ముట్టుకోకూడదు.

నాకు పిక్నిక్కులు పడవు. ఇసుక పళ్ళ మధ్య కరకరలాడడం, తడిబట్టలతో బస్సు ఎక్కడం, అందరూ కలిసి పాటలు పాడడం, ఇవేవీ నాకు సంతోషం కలిగించవు. నేను లెక్కల టీచర్ని. మార్చిలో నా దగ్గర రెండు సెక్షన్ల పేపర్లు దిద్దకుండా ఉంటాయి. కట్ట పట్టుకెళ్ళి, నీళ్ళకి దూరంగా చెట్టు మొదట్లో చాప వేసుకుని దిద్దుకునేదాన్ని. ఆయన పొయ్యి కూడా అటే పెట్టేవాడు, గాలికి చెట్లు అడ్డమని. అలా మా ఇళ్ళలో ఎవరూ చూడనంతగా ఆయన వంట చూసే అవకాశం నాకు దొరికింది.

బస్సు ఆగగానే మిగతావాళ్ళంతా నీళ్ళవైపు పరిగెత్తేవారు. మొసళ్ళు రాకుండా కట్టిన వల లోపలే మునగాలి, అక్కడికే పరుగు. ఆయన మాత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడి, చూపుడువేలు తడిచేసి గాలి ఎటునుంచి వస్తోందో చూసేవాడు. "నీళ్ళు చూడవా మావయ్యా" అంటే, "సూడ్డానికేటుందే, రోజూ ఉన్నదే" అనేవాడు. మొదట్లో మూడు రాళ్ళూ, ఎండు కొబ్బరిమట్టలూ. తర్వాత్తర్వాత బీచ్‌లో నిప్పు పెట్టొద్దని గార్డులు వచ్చి చెప్పడం మొదలెట్టాక ఒక చిన్న గ్యాస్ పొయ్యి తెచ్చుకున్నాడు. నేల గట్టిగానే ఉన్నా రెండు కాళ్ళూ దూరం దూరంగా పెట్టి, కొంచెం వంగి, ఏ క్షణాన ఏ పక్కకి ఒరిగినా పడిపోకుండా నిలబడి కలిపేవాడు. ఎంతమందికి వండినా డేక్చీ సగమే. అన్నం రెండు వాయిలు, పప్పు రెండు వాయిలు. "బీచ్ ఊగుతాదేటమ్మా" అని అత్త మా అమ్మ చెవిలో అనేది, ఆయనకి వినబడకుండా.

ఏటా అవే వంటలు. అన్నం, టమాటా పప్పు, చేపల పులుసు, నిప్పుల మీదో మంట మీదో కాల్చిన అప్పడాలు, అరటిపళ్ళు. చేప పొద్దున్నే అబర్డీన్ బజార్లో తనే కొని తెచ్చేవాడు. మేం సుర్మయి అంటాం, అటు మెయిన్‌లాండ్‌లో వంజరం అంటారు. మా పిన్ని ఒకసారి ఇంటినుంచి పనీర్ కూర చేసి తెచ్చింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి బస్సులో డ్రైవరు సీటు పక్కన పెట్టి వచ్చాడంతే.

అన్ని సామాన్లూ ఉండేవి గానీ ఉప్పు ప్యాకెట్ ఉండేది కాదు. అది ఆయన పద్ధతి. తాగే నీళ్ళని ఆయన మీఠా పానీ అనేవాడు. షిప్పులో అది కొలిచి వాడాల్సిన సరుకు. బియ్యం మొదటి రెండు కడుగులూ సముద్రపు నీళ్ళతో కడిగి, ఆఖరి కడుగుకి మాత్రం మంచినీళ్ళు పోసేవాడు. పప్పు మంచినీళ్ళలో మెత్తగా ఉడికాక, పులుసు ఒక పొంగు వచ్చాక, సముద్రం నీళ్ళు పోసేవాడు. నాలుగు మగ్గుల మీఠా పానీకి ఒక మగ్గు ఖారా పానీ. అదే ఉప్పు. ఆ నీళ్ళకి కూడా ఇంకెవరినీ పంపేవాడు కాదు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, అలలు ఇసుక రేపని చోటిదాకా నడిచి, మగ్గు ముంచి, గుడ్డలో వడగట్టి తెచ్చేవాడు. పోశాక గరిటెతో ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాకి చూసేవాడు. "కొలత మగ్గుది, తీర్పు నాలికది" అనేవాడు. ఒక్కోసారి ఇంకో అరమగ్గు పడేది. ఎక్కువగా పడేది కాదు.

పొయ్యి వెలిగి ఉన్నంతసేపూ ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. షిప్పులో వేడి డేక్చీ దగ్గర పలకరింపులు పనికిరావట. మా నాన్న ఏదో జోకు వేస్తే గరిటె ఎత్తి దూరంగా పొమ్మన్నట్టు ఊపేవాడు. మా నాన్న కలెక్టరు ముందు కూడా నోరు మూయని మనిషి, అక్కడ మాత్రం తోక ముడిచేవాడు.

అందరికీ వడ్డించాక వరస పొడుగునా ఒకసారి నడుస్తూ ఒకే మాట అడిగేవాడు. "సరిపోయిందా?" బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. సరిపోయింది అని ఇరవై నోళ్ళూ అన్నాక, డేక్చీ మూతలో ఇంత అన్నం పెట్టుకుని, నిలబడే అయిదు నిమిషాల్లో తినేసేవాడు. అప్పుడు మాత్రం అందరివైపూ చూస్తూ తినేవాడు. మాట్లాడేవాడు కాదు గానీ మొహం విప్పారేది. పిల్లలు మళ్ళీ పప్పు అడగడానికి వచ్చి ఆయన ప్యాంటు పట్టుకుని లాగేవారు. ఇంట్లో ఆయన దగ్గరికి వెళ్ళడానికి సందేహించే పిల్లలే. ఆ మనిషికి ఈ కుటుంబంలో ఉన్న చోటు ఆ ఒక్క పూటే అని నాకు అప్పుడు తెలియదు. ఆయనకి తెలుసు.

రిటైరయ్యాక ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. పొద్దున్నే లేచి ముందు గదిలో కూర్చునేవాడు. వంటగది అత్తది కాబట్టి అందులోకి వెళ్ళేవాడు కాదు. మరుసటి సంవత్సరం కరోనా జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి పోయింది. రుచీ వాసనా పోయాయన్నాడు, నెల తిరిగేసరికి వచ్చేశాయన్నాడు. ఎవరూ మళ్ళీ అడగలేదు. అన్నం పెడితే తింటున్నాడు కదా అనుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన మార్చిలో మళ్ళీ వండూర్ వెళ్ళాం. రెండేళ్ళు ఇంట్లో మూలిగినవాళ్ళం కాబట్టి ఆ ఏడు ఉత్సాహం ఎక్కువ. నేను మామూలుగానే చెట్టు కింద పేపర్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మగ్గుతో నీళ్ళు తెచ్చి, పులుసులో పోసి, అరచేతిలో చుక్క వేసుకుని నాకాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. మళ్ళీ మగ్గు తీసుకుని సముద్రంవైపు నడిచాడు. తెచ్చి సగం పులుసులో, సగం పప్పులో పోశాడు. నాకాడు. మళ్ళీ నడిచాడు. అలా కొలతకి పైన మూడు మగ్గులు. నేను పేపరు మీదనుంచి తలెత్తి మూడుసార్లూ చూశాను. మూడోసారి తిరిగి వస్తూ ఆయన కూడా నన్ను చూశాడు. ఏదైనా అంటానేమోనని చూశాడా, ఊరికే చూశాడా, ఇప్పటికీ తెలియదు.

నేనేమీ అనలేదు. పొయ్యి వెలిగి ఉంది, మాట్లాడకూడదన్న నియమం ఉంది. అదొక్కటే కారణం కాదు. పదేళ్ళకి పైగా పరీక్ష హాల్లో తిరిగినదాన్ని, పిల్లవాడు కళ్ళముందే లెక్క తప్పు చేస్తుంటే చూసి పక్కకి నడిచిపోవడం నాకు అలవాటు. అక్కడ అది న్యాయం. ఇక్కడా నాకు అదే అలవాటు పనిచేసింది.

మొదటి ముద్దతోనే అందరి మొహాలూ మారాయి. పప్పు నోట్లో పెట్టుకోలేకపోయాం, పులుసు సంగతి చెప్పక్కర్లేదు. పిన్ని కొడుకు ఉమ్మేయబోతే వాళ్ళమ్మ తొడ గిల్లింది. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యకుండానే అందరం ఒక్క నిర్ణయానికి వచ్చాం. అందరికంటే ముందు మా నాన్న గొంతెత్తాడు.

"బావా, ఈ ఏడు అదిరిపోయింది!"

తర్వాత తలా ఒక మాట. బాగుందనీ, ఎన్నాళ్ళకి తిన్నామోననీ. అత్త మాత్రం ఏమీ అనకుండా అన్నంలో అప్పడం నలుపుకుని తలొంచుకుని తింది. అందరూ ముద్దకో గ్లాసు చొప్పున నీళ్ళు తాగారు. ఆయన వరస పొడుగునా నడుస్తూ, "సరిపోయిందా?" అన్నాడు. "సరిపోయింది" అన్నారు. నేను కూడా అన్నాను.

ఆయన మూతలో అన్నం పెట్టుకోలేదు. ప్లేట్లు కడగడానికి నీళ్ళ డబ్బాల దగ్గరికి వెళ్ళాడు. ఇరవై లీటర్ల డబ్బాలు రెండు తెచ్చేవాళ్ళం. ఏ ఏడూ రెండోది పూర్తిగా అయ్యేది కాదు. మిగిలినవి ఆయనే జాగ్రత్తగా మూత బిగించి ఇంటికి తెచ్చేవాడు. ఆ రోజు రెండు గంటలకే రెండూ ఖాళీ. ఆయన మొదటి డబ్బాని వేలి కణుపుతో కొట్టి చూశాడు. రెండోదాన్ని కొట్టి చూశాడు. ముప్పయ్యేళ్ళు మంచినీళ్ళు కొలిచి వాడిన మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తిన్నగా నా చాప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కోడలా, ఎలగుంది కూడు?"

ఆ మాట ఆయన నోటివెంట వినడం అదే మొదలు. అందరూ మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయారు, దగ్గర్లో ఎవరూ లేరు.

"బాగుందని చెప్పారు కదా మావయ్యా" అన్నాను.

"ఆల్లు సెప్పేరు. నిన్నడుగుతున్నాను. నువ్వు మీ పిన్ని కొడుక్కే రెండు మార్కులు తగ్గించి ఫెయిల్ సేసిన మనిషివి."

"తినలేకపోయాం" అన్నాను.

తలూపాడు. "ఉప్పా?"

"ఉప్పే. కొలత మీద మూడు మగ్గులు ఎక్కువ పోశారు."

"సూసేవా?"

"చూశాను."

"సూసి అలగే కూకున్నావా?"

మీకు తెలిసే పోస్తున్నారనుకున్నానని ఏదో గొణిగాను. ఆయన కోప్పడలేదు. చాప చివర కూర్చుని, అరచెయ్యి చూసుకుంటూ చెప్పాడు.

"నాలిక రానేదు కోడలా. జొరం పోయినకాడ్నించీ ఇంతే. పంచదారా ఇసకా ఒకటే నాకు. వచ్చేసిందని మీ అత్తతో అన్నాను. వస్తాదిలే అనుకున్నాను."

"చెప్తే ఏం పోయింది?"

"సెప్తే ఈ గరిటె మరి నా సేతికి ఇత్తారా?"

తర్వాత అన్న మాట నాకు బాగా గుర్తుంది.

"షిప్పులో ఇలగ వండితే ప్లేటు నా మొహాన కొట్టేవోలు. కలాసీల కాడ్నించి కెప్టెన్ దాకా, ఎవుడూ వదిలీవోడు కాదు. ఒకసారి పప్పు మాడితే నా పేరెట్టి డెక్కు మీద పాట కట్టీసేరు. ఇక్కడ ఇంతమంది ఉన్నారు, నావోలు. గొంతులు మండిపోతంటే నీల్లు తాగీసి, అదిరిందన్నారు. మొహమాటం పరాయోడికి కదా కోడలా."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా మా నాన్న మీద కోపం వచ్చింది, అందరి మీదా వచ్చింది. మేమంతా మంచితనం అనుకుని చేసిన పని, ఆయన్ని వాకిట్లో నిలబెట్టి తలుపు వేసినట్టయింది. ఆ సంగతి ఎవరితోనూ అనొద్దన్నాడు. నేను అనలేదు.

తర్వాతి ఏడాది వంట చేయనన్నాడు. నడుం నొప్పి అన్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. అందరూ లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నారని నా అనుమానం. అబర్డీన్ బజార్లో ఒక హోటల్ నుంచి బిర్యానీ పార్సిళ్ళు కట్టించుకుని వండూర్ వెళ్ళాం. పన్నెండుకే తినేశాం. బాగానే ఉంది, ఉప్పూ కారం అన్నీ సమంగా ఉన్నాయి. ఆయన కూడా తిని "బాగుంది" అన్నాడు. తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఆయన ఖాళీ పార్సిల్ డబ్బాలన్నీ ఏరి ఒక సంచిలో వేసి, ఆ సంచి పక్కన పెట్టుకుని బస్సు బయల్దేరేదాకా కూర్చున్నాడు. పిల్లలెవరూ ఆయన దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళడానికి పనేమీ లేదు. నేను ఆ రోజు నలభై పేపర్లు దిద్దాను. ఒక్కటీ సరిగ్గా దిద్దలేదు, ఇంటికొచ్చి అన్నీ మళ్ళీ చూసుకోవాల్సి వచ్చింది.

ఆ పై ఏడు నేను ఒక పని చేశాను. నా స్వభావానికి సరిపడే పని కాదు. బయల్దేరే రోజు పొద్దున్న అత్త ఇంటికి వెళ్ళి, అటక మీదున్న డేక్చీలు దింపమన్నాను.

"ఎందుకే? పార్సిల్ సెప్పేడు కదా మీ నాన్న."

"వద్దని ఫోన్ చేశాను."

అత్త నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా స్టూలు ఎక్కింది. డేక్చీలూ గ్యాస్ పొయ్యీ బస్సు వెనక సీటు కింద పెట్టించాను. చేప కూడా నేనే కొన్నాను. సుర్మయి అని చెప్పి వాడు ఇంకేదో అంటగట్టాడని తర్వాత తెలిసింది.

వండూర్‌లో సామాను దింపుతుంటే చూశాడు.

"ఇవెవులు తెచ్చేరు?"

"నేనే."

"నాకు నాలిక నేదని సెప్పేను కదా."

"నాకుంది. చుక్క నా చేతిలో వెయ్యండి."

ఆయన వేలు తడిచేసి గాలి చూశాడు. పొయ్యి వెలిగించాక తన నియమం తనే తప్పి నాతో మాట్లాడాడు. "ఎక్కువైతే ఆపుతావు కదా? అప్పుడులాగ కూకోవు కదా?" కూర్చోనన్నాను. మగ్గుడు నీళ్ళలో సగమే పోసి, గరిటెతో ఒక చుక్క నా అరచేతిలో వేశాడు. వేడికి చెయ్యి చురుక్కుమంది. నాకి చూశాను. చప్పగా ఉంది. ఇంకో అరమగ్గు తప్పకుండా పడాలి. కానీ ఎదురుగా ఆ మొహం చూస్తుంటే రెండేళ్ళ కిందటి పప్పే నా నోట్లోకి వచ్చింది. మళ్ళీ ఎక్కువైతే ఆ తప్పు నాది అవుతుంది.

"చాలు" అన్నాను.

"రుచి సూసి సెప్తన్నావా, బయపడి సెప్తన్నావా?"

"రుచి చూసే."

అబద్ధం చెప్పాను. ఆయన మగ్గులో మిగిలిన నీళ్ళు ఇసుకలో పారబోశాడు.

అందరూ వరసగా కూర్చున్నారు. వడ్డించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేని పులుసు, ఉప్పు లేని పప్పు. పథ్యం తిన్నట్టుంది. చుట్టూ చూశాను. మళ్ళీ అదే తంతు. పిన్ని చిరునవ్వు నవ్వుతోంది. మా నాన్న గొంతు సవరించుకున్నాడు.

"బావా, అదిరి..."

"ఏటి అదిరింది?" అంది అత్త.

ప్లేటు ఇసుకలో పెట్టేసింది. గట్టిగా పెట్టడంతో పులుసు అంచు దాటి ఒలికింది.

"ఉప్పూ నేదు, ఊసూ నేదు. ఆసుపత్రి కూడులాగుంది. సేప సూస్తే సుర్మయి కాదు, పులుసు సూస్తే పులుసు కాదు. ఇదేటి వంట?"

"అక్కా, ఊరుకో" అన్నాడు మా నాన్న.

"నువ్వు నోరుముయ్యి. అప్పుడు నోరు పొక్కిపోతన్నా అదిరిందన్నావు. నీ మాట నమ్మే ఈ మనిషి ఇలగైపోనాడు."

అందరూ ముద్ద చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయారు. నా తప్పని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. గరిటె పట్టుకుని, కాళ్ళు దూరంగా పెట్టి, అత్త ఎదురుగా నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట అన్నేదు నన్ను" అన్నాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు ఇంట్లో ఉంటే కదా అనడానికి! ఎనిమిది రోజులుండి ఎల్లిపోయీవోడివి. ఇప్పుడు మూడేళ్ళై రోజంతా నా ఎదురుగానే కూకుంటన్నావు. ఇంకా నీకు మొహమాటపడాలేటి? నువ్వెట్టింది తినీసి బాగుందని దిగిపోడానికి నాను నీ షిప్పులో పాసింజర్నేటి?"

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నేను దగ్గర్నుంచే చూశాను. పొగ వల్ల అనడానికి లేదు, అది గ్యాస్ పొయ్యి.

"ఎల్లు, నీల్లట్రా" అంది అత్త. లేచి వచ్చి ఆయన చేతిలో గరిటె లాక్కుని డేక్చీ ముందు కూర్చుంది.

ఆయన మగ్గు తీసుకుని వెళ్ళాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వెనక్కి తిరిగి అరిచాడు.

"ఎంత తేవాల?"

"కొంచెం తే! సాలకపోతే మల్లీ ఎల్దువు గానీ!"

చాలలేదు. అత్త ఆయన్ని ఇంకో రెండుసార్లు పంపింది. రెండుసార్లూ పరిగెత్తుకుంటూ వెళ్ళాడు.